మా ఇల్లు, మన ఇల్లు

(తెనాలిలో జరిగిన స్మారకసభయందు చదివిన ఉపన్యాసపాఠము)



ఏ తల్లి స్మృతికై మనమిచ్చట సమావేశమైతిమో ఆమె పేరు నా ఉపన్యాసమునందెక్కడను వినఁబడదు. ఇది మఱపు కాదు, ఆమె కోరిక. బ్రదికియున్న కాలమున సన్మానమను మాట చెవిని పడఁగానే లేచి వంటయింటిలోనికి వెడలిపోయెడి ఆ తల్లి, తన పేరిట సభ జరుగునని యెఱిఁగినచో మనలనందఱిని మందలించియుండెడిది. ఈ యుపన్యాసమునకు సమ్మతించుచు ఆమె కుమార్తె పెట్టిన నియమమును ఒక్కటే: పేరు చెప్పవలదు. కావున అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున, ఎడిసన్ పట్టణమున, మా నివాససముదాయమునందలి పిల్లలందఱు ఆమెను ఏమని పిలిచిరో నేనును అట్లే పిలిచెదను. ఆమె అందఱకును అమ్మమ్మగారు.

అమ్మమ్మగారు ఈ తెనాలిలో అయిదవ తరగతివఱకు చదివినది. తొలిసారి కుమార్తె పురిటికై వచ్చి, సందర్శకులకు సాధారణముగా నొసఁగు ఆఱు నెలల గడువు ముగియఁగానే తిరిగిపోయినది. రెండవ కాన్పునకు మఱల వచ్చినది. తుదకు కుమార్తె ఆ దేశపు పౌరసత్వము పొంది తల్లిని స్థిరనివాసమునకు పిలిపించుకొన్న పిమ్మట ఎనిమిది శీతకాలములు మా నడుమ గడపి, అవసానకాలమునకు తన యూరు చేరుకొన్నది. ఈ యెనిమిదేండ్లలో ఆమె ఏ వేదికయు నెక్కలేదు, ఏ బడియు పెట్టలేదు, ఎవ్వరికిని అక్షరము దిద్దింపలేదు. అయినను ఆమె యింట పదిమందికి పైగా పసివారు తెలుగులో పోట్లాడుకొనుటయు, తెలుగులో అలిగి తెలుగులోనే కలిసిపోవుటయు నేర్చుకొనిరి. బడులును సభలును చేయలేని ఈ పని ఆమె చేతిలో ఎట్లు జరిగెనన్నదే నేఁటి నా ప్రసంగవిషయము. నేను భాషాశాస్త్రజ్ఞుఁడను గాను; ఇద్దఱు బిడ్డల తండ్రిని. నేను చెప్పఁబోవునది ఆమె వంటగది వాకిట నిలిచి కన్నులార చూచినది.

ఈ సభలోనివారిలో అనేకుల బిడ్డలు సముద్రములకావల నున్నారు. అచటి జీవితము మీకు ఫోను తెరమీఁద కనఁబడిన మేరకు తెలియును: పుట్టినరోజు దీపములు, మంచుతో చేసిన బొమ్మ, పట్టుపరికిణీ కట్టిన సంక్రాంతి. తెరమీఁదికి రాని దినచర్యను ముందుగా విన్నవింపవలసియున్నది. ఏలయన భాష నిలుచుటయు, తొలఁగిపోవుటయు ఆ దినచర్యలోనే జరుగుచున్నవి.

1965వ సంవత్సరపు వలసచట్టము దేశములవారి పాత కోటాలను తొలఁగించిన పిమ్మట వైద్యులును ఇంజనీర్లును, 1990వ సంవత్సరపు చట్టము హెచ్-1బి అను ఉద్యోగానుమతిని ఏర్పఱచిన పిమ్మట కంప్యూటరు విద్య నేర్చిన యువజనులును తెలుగునాటినుండి వేలకొలఁదిగా ఆ దేశమునకు తరలిరి. పోయినవారు ఉద్యోగమునకై పోయిరి. కాని బిడ్డ పుట్టిన మఱునాఁటినుండి వారి యెదుట నిలుచునది ఉద్యోగప్రశ్న కాదు, పెంపకపు ప్రశ్న. 1993వ సంవత్సరపు కుటుంబ సెలవు చట్టము ప్రకారము అచటి తల్లికైనను తండ్రికైనను దొరకునది 12 వారముల సెలవు, అదియు జీతము లేనిది. న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రములు మాత్రము ఆ దినములకు జీతములో కొంత భాగమును ఇప్పించుచున్నవి. పురుడు పోసిన అమ్మమ్మ ఆఱు నెలలకు విమానమెక్కును. ఎత్తుకొనుటకు పిన్ని లేదు, ఆడించుటకు మేనమామ లేఁడు, ప్రక్కయింటి అవ్వకు భాష రాదు. బోర్లపడుటయైనను చక్కగా నేర్వని శిశువు శిశుకేంద్రమునకు చేరును.

శీతకాలమున ఒక పనిదినమును ఊహింపుఁడు. ఇంకను చీఁకటి విడువకమునుపే లేచి, నిద్రమత్తులోనున్న బిడ్డకు ఒకదానిపై నొకటిగా ఉన్నివస్త్రములు తొడిగి, కారుపై పేరుకొనిన మంచును గీఁకి, ఏడున్నరకు వానిని శిశుకేంద్రమున దింపి, మెట్రోపార్క్ స్టేషనులో న్యూయార్కు పోవు రైలెక్కిన తండ్రి మఱల బిడ్డ ముఖము చూచునప్పటికి సాయంకాలము ఆఱున్నర. స్నానము, భోజనము, ఎనిమిదిన్నరకు నిద్ర. ఉదయము ఒక గంట, సాయంకాలము రెండు గంటలు: దినమునకు మూఁడు గంటలు మాత్రమే బిడ్డయు తలిదండ్రులును మేలుకొని యొకచోట నుందురు. ఆ మూఁడు గంటలును తొందరవే. ఒకనాఁడు రైలులో కూర్చుండి, ఆ యుదయమున నా కుమారునితో నేనాడిన మాటలన్నిటిని జ్ఞాపకము తెచ్చుకొంటిని. లే. పళ్ళు తోముకో. పాలు తాగు. బూట్లు వేసుకో. తొందరగా రా. ఏడవకు. అన్నియు విధ్యర్థకములే. కథ లేదు, ప్రశ్న లేదు, పరిహాసము లేదు. మఱి అదే దినమున శిశుకేంద్రమునందు ఒక ఉపాధ్యాయిని పిల్లలను చుట్టును కూర్చుండఁబెట్టుకొని, బొమ్మల పుస్తకము తెఱచి, పులివలె గర్జించి, కుందేలువలె వణఁకి, ఇంగ్లీషులో కథ చెప్పియుండును. వానికి తెలుగు ఆజ్ఞల భాష, ఇంగ్లీషు ఆశ్చర్యముల భాష. నాలుగవయేట వాఁడు నాకు ఇంగ్లీషులోనే బదులు చెప్పుట మొదలిడఁగా నేను నొచ్చుకొంటిని. కాని ఆ రైలులో కూర్చున్ననాఁడు నాకు తెలిసివచ్చినది, వాఁడు నా భాషను విడువలేదని. నేను వానికి చూపినది ఆ భాషలోని కొరడా మాత్రమే. వాఁడు ఎచ్చట ఆనందమున్నదో అచ్చటికి పోయినాఁడు.

దీనికిముందే మేము చేసిన పొరపాటొకటి కలదు. వానికి మూఁడేండ్లు రాఁగా, మాటలు ఆలస్యమగుచున్నవని, ఇంటను ఇంగ్లీషే పలుకుఁడని ఒక శిశుకేంద్రమువారు మాకు సలహా యిచ్చిరి. మేము భయపడి ఆఱు నెలలు ఆ మాట పాటించితిమి. రెండు భాషలు వినుటవలన శిశువునకు వాగ్దోషము పుట్టదని నేఁటి శాస్త్రజ్ఞులు స్పష్టముగా చెప్పుచున్నారు. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. ఆ యాఱు నెలల ఫలమును అనుభవించినది నా తల్లి. ప్రతి ఆదివారమును ఫోను చేతఁబట్టుకొని ఈ తెనాలిలో కూర్చుండి ఆమె "అన్నం తిన్నావా నాన్నా?" అని యడుగును, వాఁడు తెరవైపు చేయి యూపి, ఒక్క 'హాయ్' పలికి, ఆటకు పరుగెత్తును. ఆమె మాత్రము ఖాళీ కుర్చీని చూచుచు, "పోనీలేరా, పసివాడు" అనును. ఆ 'పోనీలేరా' అను మాట నేను మఱువఁజాలను.

ఇది మా యింటి వృత్తాంతము మాత్రమే కాదు. 1991వ సంవత్సరమున లిలీ వాంగ్ ఫిల్‌మోర్ అను విదుషి, అమెరికాలోని వేయికి పైగా వలసకుటుంబములను విచారించి, బిడ్డలు ఎంత చిన్నతనమున ఇంగ్లీషు శిశుకేంద్రములలో చేరుదురో ఇంటిభాష అంత త్వరగా జాఱిపోవుచున్నదనియు, తుదకు తలిదండ్రులును బిడ్డలును మనసు విప్పి మాటలాడుకొనుటకు సాధనమే లేకపోవుచున్నదనియు చూపినది. 2007లో అన్నిక్ డి హౌవర్ అను పండితురాలు బెల్జియములోని ఫ్లాండర్స్ ప్రాంతమున రమారమి 1,900 కుటుంబములను పరిశీలింపఁగా, ఇంటిలో వేఱొక భాష వినఁబడుచున్నను నాలుగింట ఒక వంతు కుటుంబములలో పిల్లలు ఆ భాషను పలుకుటలేదని తేలినది. తలిదండ్రులిరువురును ఇంట తమ భాషనే పలికిన చోట దాదాపు అందఱు పిల్లలును దానిని నిలుపుకొనిరి. వినుట వేఱు, పలుకుట వేఱు. ఈ రెంటి నడుమనున్న అగడ్తను దాఁటించునది ఏదియో, దానినే మనము వెదకవలెను.

అది నాకు ఒక వ్యాకరణవిశేషమునందు దొరకినది. మన భాషలో 'మేము' అను మాటయు 'మనము' అను మాటయు వేఱు. వినువానిని కలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. ద్రావిడభాషలలో నున్న ఈ భేదము ఇంగ్లీషున లేదు. అచట రెంటికిని ఒక్కటే మాట. అందుచే ఇంగ్లీషున పెరిగిన తెలుగుబిడ్డ తల్లితో మాటలాడుచు సైతము 'మా ఇల్లు' అనును. పసితనపు తప్పని నవ్వి యూరకుందుము. నేనును అట్లే నవ్వితిని. కాని ఒకనాఁడు మా కూఁతురు, దానికి అప్పుడు ఏడేండ్లు, పులిహోర పెట్టి పంపిన డబ్బాను మూత తీయకుండనే తిరిగి తెచ్చి, "ఇది మీ ఫుడ్ నాన్నా. మా స్కూల్లో ఎవరూ తినరు" అన్నది. నేను కోపముతో, "మా ఊళ్ళో అయితే పులిహోర అంటే పిల్లలు ఎగబడేవాళ్ళు" అంటిని. ఆ రాత్రి ఈ రెండు వాక్యములను తలపోయఁగా భయము కలిగినది. దానికొక 'మా', నాకొక 'మా'. దాని 'మా'లో నేను లేను, నా 'మా'లో అది లేదు. ఈ మాఱు బిడ్డ వ్యాకరణమున తప్పు చేయలేదు, ఉన్నదున్నట్లు చెప్పినది.

ఆ దేశపు చట్టమును ఒక్కొక్కప్పుడు ఈ గీఁతనే గీయును. మా కూఁతురు హైదరాబాదులో పుట్టినది. కుమారుఁడు ఎడిసన్‌లో పుట్టినాఁడు. 1868వ సంవత్సరపు పదునాలుగవ రాజ్యాంగసవరణవలన వాఁడు పుట్టుకతోనే ఆ దేశపు పౌరుఁడు. అక్క మాత్రము మా ఉద్యోగానుమతి నీడలో నివసించునది. శాశ్వతనివాసపు అనుమతులలో ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడింటికి మించి ఇయ్యరాదను నియమముచే భారతీయుల వరుస మిక్కిలి దీర్ఘమైనది. ఆ వరుస కదలకమునుపే అక్కకు 21 ఏండ్లు నిండినచో ఆ నీడయు పోవును. ఒక కంచమున తిను తోఁబుట్టువుల నడుమ పాస్‌పోర్టులు వేఱు. ఇట్టి యింటికి 'మన' యనుమాట అలంకారము కాదు, ఆధారస్తంభము.

అమ్మమ్మగారు ఆ స్తంభమును ఎట్లు నిలిపెనో వినుఁడు. మేము భార్యాభర్తలము ఇరువురమును నగరమునకు పోవువారము గనుక, పిల్లలు సాయంకాలమువేళ ఆమె యింట నుండుటకు ఆమెయే ఏర్పాటు చేసినది. రూపాయి గాని డాలరు గాని ముట్టలేదు. ఆమె వారికి పాఠము చెప్పలేదు, పని చెప్పినది. చిక్కుడుకాయలకు ఈనెలు తీయించుట, పూరీలకు ఉండలు చేయించుట, శీతకాలము రాఁబోవుచుండఁగా కుండీలోని కరివేపమొక్కను ఇంటిలోనికి మోయించుట. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చు పురుగు దానిపై బ్రదుకునను భయముచే ప్రయాణికులు పచ్చి కరివేపాకు తీసికొనిరారాదని ఆ దేశమున నిషేధము. అందుచే ప్రతి తెలుగింటను ఆ కుండీకి పసిబిడ్డకు వలెనే ఉపచారము జరుగును. పని చేయుచున్న చేతులకు మాటలు తోడగును. "ఈ ముదురుది తీసెయ్యి, ఆ లేతది ఉండనీ" అని ఆమె యనఁగా, ముదురును లేతయు నా కుమారుని చేతివ్రేళ్ళకు ముందు తెలిసి, నాలుకకు పిమ్మట తెలిసినవి.

ఆమె వావివరుసలను గూడ ఇట్లే చేతికందించినది. అచటి మన పిల్లలకు తోడి తెలుగుస్త్రీలందఱు 'ఆంటీ'లు, పురుషులందఱు 'అంకుల్'లు. అమ్మమ్మగారు ఒక్కొక్కరిని చూపి, "ఆవిడ మీ అమ్మకంటే పెద్దది, పెద్దమ్మా అను. ఆయన మీ అమ్మని చెల్లీ అంటాడుగా, నీకు మామయ్య" అని వరుస కట్టినది. ఇది మర్యాద మాత్రమే కాదు. న్యూయార్కు రాష్ట్రపు రోచెస్టరు నగరవాసియైన లూయిస్ హెన్రీ మోర్గాన్ అను న్యాయవాది, 1871లో ప్రకటించిన మహాగ్రంథమున, తమిళము, తెలుగు, కన్నడములలోని బంధుపదములను సేకరించి, అవి తన ఇరుగుపొరుగున నివసించు ఇరోక్వాయి ఆదివాసుల బంధుపదములతో పోలియుండుట చూచి విస్మయపడినాఁడు. తల్లి సోదరియు తల్లియే, తండ్రి సోదరుఁడును తండ్రియే. తల్లి సోదరుఁడును తండ్రి సోదరియు మాత్రము వేఱు. పెద్దమ్మ, పిన్ని, పెదనాన్న, మేనత్త, మేనమామ అను పదములలో ప్రపంచము నలువైపుల చేతులు చాఁచి బిడ్డను పట్టుకొనియున్నది. బంధువు లొక్కరును లేని దేశమున, ఆ పదములతో అమ్మమ్మగారు బంధువులను సృష్టించినది.

కథలు వంట నడుమ జరిగెడివి. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల కథ మీ రెఱుఁగుదురు. ఒక చేప యెండకపోవుటకు కారణము అడుగుచు గడ్డిమోపునుండి చీమదాఁక పోవు ఆ ప్రశ్నలవరుస పసివారి నోటికి ఎంత సహజమైనదో యెఱుఁగుదురు. ఒక మంచుకురియు సాయంకాలమున ఆమె ఈ కథ మొదలిడఁగా, అంతదాఁక ఇంగ్లీషులోనే పలుకు నా కుమారుఁడు కిటికీవైపు చూచి, తడఁబడుచు, "అమ్మమ్మా, మంచులో చేప ఎలా ఎండుతుంది?" అనినాఁడు. వాఁడు నిండుగా పలికిన మొదటి తెలుగువాక్యము అది. ఆమె మెచ్చుకొనలేదు, చప్పట్లు చఱవలేదు, తెలుగు మాట్లాడినావని గుర్తు చేయలేదు. నిజముగా చింతాక్రాంతయైనదానివలె గరిటె చేతఁబట్టుకొని, "అవునురా, ఇక్కడ ఎండదే! ఇప్పుడేం చేద్దాం?" అన్నది. ఆ 'చేద్దాం'లో వాఁడున్నాఁడు. కథ వానిదియు నైనది. ఆ రాత్రి రాజకుమారులు చేపలను మా ఇంటి హీటరుమీఁద ఆరవేసిరి.

మఱియొక సాయంకాలమున నేను పిల్లలకై వాకిట నిలిచియుండఁగా, మా కూఁతురు బూట్లు తొడుగుకొనుచు, "నాన్నా, మా ఇంటికి వెళ్దాం" అన్నది. అమ్మమ్మగారు దాని కోటుకు గుండీ పెట్టుచు, "మా ఇల్లు అంటే అందులో మీ నాన్నకి చోటు లేదా అమ్మడూ? మన ఇల్లు అను" అన్నది. బిడ్డ కొంత యోచించి, "మరి ఈ ఇల్లు?" అని యడిగినది. "ఇదీ మన ఇల్లే" అని ఆమె తలుపు తీసినది. వ్యాకరణమును ఇంత దయతో బోధించిన గురువును నేను వేఱొకరిని ఎఱుఁగను.

సంస్థలను నేను తక్కువ చేయుటలేదు. 1977లో మొదలైన ఉత్తర అమెరికా తెలుగు సంఘపు మహాసభలు చెదరియున్నవారిని ఒకచోటికి చేర్చినవి. 2007లో సిలికానాంధ్ర ప్రారంభించిన మనబడి వేలమంది పిల్లలకు మన అక్షరములను చూపినది. ఆదివారములను విడిచి, జీతమాశింపక పాఠములు చెప్పు ఆ తల్లులకును తండ్రులకును మన మెంతయు ఋణపడియున్నాము. కాని బడి అక్షరము నియ్యఁగలదు; ఆ యక్షరముతో పలుకవలసిన అవసరమును ఇల్లే యియ్యవలెను. వారమునకు రెండు గంటల పాఠము, దినమునకు మూఁడు గంటల ఆజ్ఞలు, ఈ రెంటిచేతను భాష బ్రదుకదు. ఆజ్ఞలను తగ్గింపఁజాలము, రైలు మన కొఱకు ఆఁగదు. కాని ఆ మూఁడు గంటలలో పావుగంటనైనను తొందరలేని తెలుగునకు విడిచిపెట్టఁగలము. నేను అమ్మమ్మగారివలన నేర్చిన దిదియే: బిడ్డకు మన భాషను నేర్పవలదు, మన భాషలో తీఱికను ఇయ్యుఁడు.

మీకును ఒక విన్నపము. ఫోనులో పసివానిని "తిన్నావా? బాగా చదువుతున్నావా?" అని అడుగకుఁడు, అవియు పరీక్షలే, వాఁడు ఒక్క మాటతో తప్పించుకొనును. కథ చెప్పుఁడు, చెప్పి సగములో ఆపుఁడు. ఎడిసన్‌కును తెనాలికిని వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు కాలభేదము. మేము శాపమనుకొన్న ఈ భేదమునందే ఒక వరము దాఁగియున్నది: అచట బిడ్డ నిద్రకు సిద్ధమగు రాత్రి ఏడున్నర, ఇచట మీరు లేచి కాఫీ కాచుకొను వేకువ. వాని నిద్రకథకు సరియైన వేళ మీ తెల్లవాఱుజాము.

గత పుష్యమాసమున, అమ్మమ్మగారు పోయిన పిమ్మట వచ్చిన తొలి మంచుతుపాను రాత్రి, నా కుమారుఁడు పడకపైఁ గూర్చుండి తానే ఫోను తీసికొని నా తల్లిని పిలిచినాఁడు. ఇచట ఆఱు గంటలు. వాఁడు ఏడు చేపల కథ చెప్పుట మొదలిడి, హీటరు ప్రస్తావన రాఁగా ఆఁగి, కారణము చెప్పవలెనని తోఁచి కాఁబోలు, "మన ఊళ్ళో మంచు పడిందిలే నానమ్మా, అందుకని" అనినాఁడు. ఆ యూరిలో ఎన్నఁడును అడుగు పెట్టని నా తల్లి ఆ మాటను దిద్దలేదు. "అలాగా నాన్నా! మన ఊళ్ళో ఇంకా తెల్లారలేదు" అన్నది.